పిడికిలిలో కాసు

సాయంత్రం అయిదూ ఇరవైకి, టర్కీలోని కైసేరి ఊళ్లో ఒక మంగలి షాపు కుర్చీలో, మొహం నిండా నురగతో రిఫ్కీ చచ్చిపోయాడు. మంగలి కత్తి నూరుకోవడానికి అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి తెల్లటి నురగలో ఎర్రటి చుక్క, కిటికీ అద్దంలో చిన్న రంధ్రం. సైలెన్సర్ పిస్టల్ కాబట్టి పక్క కుర్చీలో కునుకు తీస్తున్న ముసలాయన నిద్ర కూడా చెడలేదు.

అయిదూ నలభైకి ఏజెంట్ సెర్మెత్ ఫోను మోగింది.

"దానిమ్మలు కోతకొచ్చాయా?" అంది అవతలి గొంతు.

"ఇంకా పచ్చివే మేడమ్."

కోడ్ కలిసింది. చీఫ్ ముజెయ్యెన్ మేడమ్ ఊపిరి కూడా తీసుకోకుండా మొదలుపెట్టింది.

"మన రికార్డు క్లర్కు రిఫ్కీ లిస్టు అమ్మేశాడు. సరిహద్దు అవతల దొంగపేర్లతో బతుకుతున్న మనవాళ్లు పదకొండు మంది. పేర్లు, అడ్రసులు, ఫొటోలు, అన్నీ గోరంత చిప్‌లో ఉన్నాయి. కొన్నవాళ్లే ఇందాక వాణ్ణి లేపేశారు. శవం దగ్గర చిప్ లేదు. జేబులో తాష్ ఒదా కార్డుంది, వెనకాల పదిహేడు అని రాసుంది."

"ఉర్గుప్‌లో ఆ డాన్సుల హోటలా? పదిహేడంటే టేబుల్ నంబరు."

"అదే. చిప్ చేతులు మారేది ఇవాళ్టి షోలో. హోటల్ మూయిస్తే వాళ్లు ఇంకోచోట కలుస్తారు, ఆ చోటు మనకి తెలీదు. బయట వాళ్ల వ్యాను ఉంటుంది. చిప్ అందులోకి ఎక్కిన అరనిమిషానికి లిస్టు సరిహద్దు దాటేస్తుంది. నెవ్‌షెహిర్ నుంచి బ్యాకప్ తొమ్మిదీ నలభైకి గాని రాదు. అంతవరకూ నువ్వొక్కడివే."

"ఇంకేమైనా ఉందా మేడమ్?"

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఆవిడ ఆగడం సెర్మెత్ పందొమ్మిదేళ్ల సర్వీసులో ఇదే మొదటిసారి.

"లిస్టులో నాలుగో పేరు తూరుల్‌ది."

తూరుల్ సెర్మెత్ తమ్ముడు. రెండున్నరేళ్లుగా అవతలి ఊళ్లో జనరేటర్లు రిపేరు చేసుకుంటూ బతుకుతున్నాడు. వాడు చేస్తేనే ఫోను, అదీ గురువారాలే. ఇవాళ మంగళవారం. వాడికి కబురంపడానికి ఈ లోకంలో ఏ దారీ లేదు.

"చెప్పకూడదు," అంది మేడమ్. "రెండు గంటల్లో అక్కడికి చేరగలవాడివి నువ్వొక్కడివే కాబట్టి చెప్పాను. వెళ్లు."

*

ఏడున్నరకి సెర్మెత్ డోర్ట్‌మండ్ నుంచి సెలవులకొచ్చిన కార్ల మెకానిక్ అయిపోయాడు. పూల చొక్కా, మెడలో కెమెరా, పెట్టుడు మీసం. వేలికి డిపార్టుమెంటు ఇచ్చిన కొత్త ఉంగరం. జానెడు దూరంలో చిప్ ఉంటే అది వేడెక్కుతుంది. ఎంత బాగా పనిచేసిందంటే, గేటు దాటేలోపే మూడుసార్లు వేలు కాలింది. వచ్చిన ప్రతివాడి జేబులోనూ సెల్ ఫోను ఉంటుందన్న సంగతి ఆ ఉంగరం కనిపెట్టిన మహానుభావుడికి తట్టలేదు. మనసులోనే వాడి వంశాన్నంతా తిట్టుకుంటూ సెర్మెత్ లోపలికి నడిచాడు.

తాష్ ఒదా అంటే కొండని తొలిచి కట్టిన హాలు. మధ్యలో గుండ్రటి అరుగు, చుట్టూ గదుల్లా తొలిచిన అరల్లో టేబుళ్లు, ఒక్కో టేబుల్‌కి ఒక్కో బస్సు జనం. పదిహేడో టేబుల్‌కి సరిగ్గా ఎదురుగా సీటు సంపాదించాడు. అక్కడ ఎనిమిది మంది విదేశీయులు. అందరిలోకీ కొట్టొచ్చినట్టు కనిపించేది ఆకుపచ్చ గౌను వేసుకున్న బంగారు జుట్టు మనిషి. పేరు కారిన్ అనీ, కెనడా అనీ, ఈ దేశం వచ్చి మూడ్రోజులయిందనీ హాలంతా వినపడేట్టు చెబుతోంది. పక్కన బట్టతల మొగుడు. ఆవిడ నవ్వినప్పుడల్లా వెయిటర్లు ప్లేట్లు తప్పు టేబుళ్ల మీద పెడుతున్నారు.

వంకాయ ముద్ద, పెరుగు, ద్రాక్షాకు చుట్లు, వేడి రొట్టె వచ్చాయి. సెర్మెత్ ఒక్క ముక్క కూడా మింగలేకపోయాడు. తెల్లంగీల దర్వేషు సన్యాసులు గిరగిరా తిరిగి ఆడి వెళ్లారు. కత్తుల డాన్సు అయింది. ఎనిమిదిన్నర దాటింది. చిప్ ఎవరి దగ్గరుందో, ఎవరికి అందుతుందో అతనికింకా అంతుపట్టలేదు. తూరుల్ ఈపాటికి షట్టరు దించి టీ పెట్టుకుంటూ ఉంటాడు. రేపు తెల్లారి వాడి తలుపు కొట్టబోయేదెవరో వాడికి తెలీదు.

తొమ్మిదింటికి దీపాలు ఆర్పేశారు. నాట్యకత్తె జులిదే దిగింది. సరాసరి పదిహేడో టేబుల్ దగ్గరికి వెళ్లి, బట్టతలాయన భుజం మీద ముసుగు వేసి లాగింది. అతను ఆవిడ నడుం పట్టీలో ఏదో దోపాడు. సెర్మెత్ ప్రాణం లేచొచ్చింది. డాన్సు అయ్యీ అవగానే వెనక సందులోకి పరిగెత్తి, ఆవిణ్ణి గోడకి అదిమి, ఉంగరం ఆనించాడు. ఉంగరం భగ్గుమంది.

"తియ్యి," అన్నాడు.

"ఏం తియ్యమంటావురా?" జులిదే అతని కుడిచెంప మీద ఒక్కటిచ్చుకుంది. పెట్టుడు మీసం సగం ఊడింది. "నా ఫోనా? పట్టుకుపో. పొద్దున్నే మా అత్త ఫోన్ చేస్తుంది, అదీ నువ్వే ఎత్తు."

నడుం పట్టీలో ఉన్నది మడత పెట్టిన నోటు. ఉంగరాన్ని వేడెక్కించింది ఆవిడ సెల్ ఫోను. తొమ్మిదీ పదమూడు.

సెర్మెత్ గోడకి జారగిలబడ్డాడు. మొహం మీద చెంపదెబ్బ మంట, లోపల అంతకంటే పెద్ద మంట. పావుగంట వృథా. ఆ పావుగంటలో చిప్ చేతులు మారిపోయుంటే తమ్ముణ్ణి తన చేతుల్తో తనే చంపినట్టు. అమ్మకి ఏమని చెప్పాలి? చిన్నాడు జర్మనీలో ఉన్నాడనుకుంటోంది అమ్మ. మీసం పీకి పారేసి మళ్లీ హాల్లోకి వచ్చాడు.

అప్పటికే అరుగు మీద గోరింటాకు ముచ్చట మొదలైంది. రోజూ ఎవరో ఒక విదేశీ ఆడమనిషిని పెళ్లికూతుర్ని చేసి, ఎర్ర మేలిముసుగు కప్పి, అరచేతికి గోరింటాకు పెడతారు. ఇవాళ ఎవరొస్తారని అడగడమే తడవు, కారిన్ తనంతట తనే వెళ్లి కూర్చుందిట. అత్తగారి వేషం మక్బులే పిన్నిది. పగలు వంటింట్లో రొట్టెలు వత్తుతుంది, రాత్రి అందరికీ అత్తగారు. పళ్లెంలో కొవ్వొత్తులు, గోరింటాకు ముద్ద, బంగారు కాసు పట్టుకుని వచ్చింది.

మక్బులే కామెడీ అంతా ఇక్కడే. ఏ దేశపు పిల్లయినా గోరింటాకు అనగానే చెయ్యి చాపేస్తుంది. పిన్ని తల బాదుకుని, ఆ వేళ్లు ఒక్కొక్కటే ముడిచి, పిడికిలి చేసి, అత్తగారు కాసు చూపించేదాకా తెరవకూడదని సైగలతో చీవాట్లు పెడుతుంది. జనం పడీపడీ నవ్వుతారు.

ఇవాళ జనం నవ్వలేదు. పిన్ని దగ్గరికి రాగానే కారిన్ చెయ్యి దానంతటదే పిడికిలి అయిపోయింది. కాసు చూపించాక విచ్చుకుంది. కాసు అరచేతిలో పడింది, దాని మీద గోరింటాకు, మళ్లీ పిడికిలి, పైన ఎర్ర సంచీ తొడిగి మణికట్టు దగ్గర ముడి వేశారు.

సెర్మెత్ గబగబా అరుగు వైపు నడిచాడు.

పళ్లెంతో గొణుక్కుంటూ వస్తున్న మక్బులేకి అడ్డం వెళ్లాడు. "ఏమైంది పిన్నీ, అలిగావా?"

"అలగనా మరి? ఆ గౌను పిల్ల నా కామెడీ అంతా చెడగొట్టింది. ఎవరో ముందే నేర్పేసుంటారు. పైగా నా రేకు కాసు ఎవడు ఎత్తుకుపోయాడో గాని, పళ్లెంలో నిజం కాసు పెట్టాడు. బరువు తెలీదా నాకు?"

"మధ్యాహ్నం వంటింట్లోకి ఎవరైనా వచ్చారా?"

"కైసేరి నుంచి ఒకాయన వచ్చాడు. నా రొట్టెలు రెండు తిన్నాడు, ఈ పళ్లెం పక్కనే కూచుని. గెడ్డం మాసి ఉంటే నేనే తిట్టాను, గొరిగించుకో నాయనా అని."

పాపం, రిఫ్కీ వెళ్లి గొరిగించుకున్నాడు.

చిప్ కాసులో ఉంది. కాసు పిడికిలిలో ఉంది. పిడికిలి ఎర్ర సంచీలో, అందరి కళ్ల ముందూ ఉంది. మూడ్రోజుల కెనడా పిల్లకి ఆ పిడికిలి ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు అక్కల పెళ్లిళ్లలో, మేనత్తల పెళ్లిళ్లలో చూసిచూసి చేతికి పట్టిన అలవాటది. పళ్లూ జుట్టూ పేరూ మార్చిన ట్రైనింగు దాని జోలికి పోలేదు.

తొమ్మిదీ ఇరవై ఆరు. డోలు మోగింది. జనమంతా చిటికెనవేళ్లు పెనవేసుకుని హలాయ్ అనే వరస డాన్సు కట్టారు. షోలో ఆఖరు ఘట్టం అదే. వరస పాములా తలుపు దాటి, పెరట్లో మంట చుట్టూ తిరిగి వస్తుంది. పెరటి గేటు అవతల ఇంజను ఆపని తెల్ల వ్యాను. కారిన్ నవ్వుతూ వరసలో ముందుకి చేరుతోంది.

హలాయ్‌లో చేతిరుమాలు పట్టుకున్నవాడే నాయకుడు. వాడు ఎటు పోతే వరస అటే పోవాలి. వేలు వదిలేసినవాణ్ణి జనం ఊరికే వదలరు. సెర్మెత్ వరస మొదట్లో ఉన్న వెయిటరు చేతిలోంచి రుమాలు లాక్కున్నాడు. ఎడంచేత్తో ఎర్ర సంచీని గట్టిగా పట్టుకున్నాడు.

పెరట్లోకి వచ్చారు. గేటు ఇరవై అడుగులు. కారిన్ చెయ్యి విదిలించింది. సెర్మెత్ వదల్లేదు. గేటు వైపు వెళ్తున్నట్టే వెళ్లి లోపలికి తిప్పాడు. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. డెబ్బై మంది చుట్ట చుట్టుకుపోయారు. నడిమధ్యన సెర్మెత్, కారిన్, మంట. బట్టతలాయన బయట చిక్కుకుపోయి, దారి కోసం జనాన్ని తోస్తున్నాడు.

"కాసు ఇచ్చెయ్ చెల్లెమ్మా," అన్నాడు సెర్మెత్ టర్కిష్ భాషలో.

ఆవిడ ఇంగ్లీషులో అర్థం కాలేదంది.

"ఎవరూ చెప్పకుండానే పిడికిలి మూశావు. కెనడాలో మీ అమ్మ నేర్పిందా?"

కారిన్ నవ్వు మొహం మీద అలాగే ఉంది గాని, కళ్లు మారిపోయాయి. "మా అమ్మది యోజ్‌గాత్," అంది ఆ టర్కీ ఊరి అచ్చమైన యాసలో. "తెలిసి ఏం చేస్తావు? ఇంతమంది ముందు నా వేళ్లు విరుస్తావా? ఇంకో రెండు నిమిషాలు ఆడతారు, ఆ తర్వాత నన్ను ఎవరు ఆపుతారో చూస్తా."

నిజమే. విరవబోతే ఆవిడ ఒక్క కేక వేస్తుంది, డెబ్బై మంది తనమీద పడతారు. ఆ గలాటాలో ఆవిడ వ్యానెక్కుతుంది. అప్పుడు జనం చంకల కింద నుంచి దూరి వస్తున్న మక్బులే కనపడింది, పళ్లెంతో సహా. పిన్ని లేని హలాయ్ ఉండదు.

సెర్మెత్ తన మెడలో దారం తెంపి, దానికున్న కాసు పిన్ని చేతిలో పెట్టాడు. సైన్యంలోకి వెళ్లేటప్పుడు అమ్మ ఇద్దరు కొడుకులకీ చెరొకటి కట్టింది.

"పిన్నీ, పెళ్లికూతురు అలిగింది. అత్తగారి బంగారం చాల్లేదంట." గొంతు తగ్గించాడు. "నా తమ్ముడి ప్రాణం ఆ చేతిలో ఉంది. అడక్కు. తెరిపించు."

మక్బులే అతని మొహం ఒక్కసారి చూసింది. ఎర్ర సంచీ ముడి లాగేసి, కాసు పైకెత్తి, కొండంతా దద్దరిల్లేలా అరిచింది. "కోడలమ్మకి ఇంకో కాసంట. చప్పట్లు కొట్టండి."

డెబ్బై మంది లయ తప్పకుండా చప్పట్లు అందుకున్నారు. పసుపుపచ్చటి కాసు కారిన్ కళ్ల ముందు మెరిసింది. ఆవిడ పళ్లు బిగించింది, దవడ బిగించింది. వేళ్లు మాత్రం ఆవిడ మాట వినలేదు. పుట్టినప్పటి నుంచీ వాటికి తెలిసిన ఒకే ఒక్క మర్యాద అది. విచ్చుకున్నాయి.

సెర్మెత్ తన అరచేతిని ఆ అరచేతి మీద చరిచాడు. గోరింటాకు ముద్దతో సహా కాసు అతని చేతికి అతుక్కుంది. పిడికిలి మూశాడు.

అదే క్షణంలో పక్కటెముకల కింద చల్లగా తగిలింది. బట్టతలాయన వచ్చేశాడు. కోటు జేబులోంచి పిస్టల్.

"తెరువు."

"ముందు బంగారం చూపించు," అన్నాడు సెర్మెత్.

చావు ఖాయమనుకునే అన్నాడు ఆ మాట. కళ్లు మూసుకున్నాడు. తన వేళ్లు విడదియ్యడానికి చచ్చాక కూడా వీళ్లకి కొంత టైము పడుతుందని లెక్క. తొమ్మిదీ నలభై దాకా పిడికిలి పట్టు సడలకపోతే చాలు.

ఖంగుమని శబ్దం వచ్చింది. రాగి పళ్లెం బట్టతల నడినెత్తిన పడింది. గోరింటాకు ముద్ద కళ్లలోకి జారింది, తూటా మంటలోకి పోయింది. మనిషి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నా హాల్లో అల్లుళ్లు అల్లరి చెయ్యకూడదు," అంది మక్బులే పిన్ని.

జనం దాన్ని కూడా షో అనుకుని ఈలలు వేశారు. కారిన్ గేటు దాకా పరిగెత్తగలిగింది. అక్కడ వ్యాను డ్రైవరుతో పాటు ఆవిడకీ బేడీలు వేసింది బ్యాకప్, తొమ్మిదీ నలభై ఒకటికి. ఒక్క నిమిషం ఆలస్యమైనందుకు ట్రాక్టరు అడ్డమొచ్చిందన్నారు.

సెర్మెత్ పిడికిలి మాత్రం తెరుచుకోలేదు. ఇద్దరు ఆఫీసర్లు పట్టి లాగినా వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. చివరికి మక్బులే పిన్ని అతన్ని వంటింట్లో కూర్చోబెట్టి, వేణ్నీళ్లు పోసి, ఒక్కొక్క వేలే విప్పింది. కాసు వెనక గోరంత చిప్. అప్పుడు సెర్మెత్ ఆవిడ భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. పిన్ని పిండి చేతుల్తోనే వీపు నిమిరింది.

*

గురువారం మధ్యాహ్నం ముజెయ్యెన్ మేడమ్ అతని కుడి అరచెయ్యి తిరగేసి చూసింది. నడుమ గుండ్రటి కాసు మచ్చ, చుట్టూ గోరింటాకు ఎరుపు.

"ఇది ఎన్నాళ్లుంటుంది?"

"పిన్ని ఇరవై రోజులంది మేడమ్."

"ఇరవై రోజులు నిన్ను ఏ మారువేషంలో పంపమంటావు, పెళ్లికూతురిగా తప్ప?"

టేబుల్ మీద పాత ఫోను మోగింది. ఇద్దరూ కదల్లేదు. మూడో మోతకి సెర్మెత్ ఎత్తాడు.

"అన్నా," అన్నాడు తూరుల్. వెనకాల జనరేటరు చప్పుడు. "ఏంటి విశేషాలు?"

సెర్మెత్ తన ఎర్రటి అరచెయ్యి చూసుకున్నాడు.

"ఏం లేదురా. గోరింటాకు పెట్టుకున్నాను."

"నువ్వా? పండిందా?"

"బ్రహ్మాండంగా పండింది."

అవతల తూరుల్ జనరేటరు ఆపాడు.

"అయితే బెంగపెట్టుకోకన్నా," అన్నాడు. "మంచి మొగుడొస్తాడు."