చివరి గడిలో పేరు

ఏలూరులో జ్వరాల పరీక్షలు చేసే మా ల్యాబులో ఆ మధ్యాహ్నం నేనూ, మా సీనియర్ రూబెన్ గారూ మాత్రమే ఉన్నాం. బయట ముసురు. పట్టపగలే లైట్లు వేసుకున్నాం.

ముందురోజు కొల్లేటి లంకకి వెళ్లి నేను తెచ్చిన రక్తం గొట్టాలు నలభై రెండు. పరీక్ష చేసే ప్లాస్టిక్ ప్లేటులో తొంభై ఆరు చిన్న గుంటలుంటాయి. ఏ గుంటలో ఎవరి నమూనా పోస్తామో ముందే కంప్యూటర్లో గడులకి పేర్లు పెట్టాలి. ఒక్కటి తప్పినా ఒకరి జబ్బు ఇంకొకరికి అంటగట్టినట్టే.

నలభై రెండు పేర్లూ కొట్టి సేవ్ చేశాను. అట్టడుగు వరసలో, చివరి గడిలో ఇంకో పేరు కనిపించింది.

లక్ష్మీకాంతం.

చెరిపేశాను. మళ్లీ వచ్చింది.

"రూబెన్ గారూ, ఈ పేరు మీరు పెట్టారాండీ?"

"లేదే. జాబితాలోనే లేదుగా. ఎవరావిడ?"

"తెలీదండీ."

అబద్ధం. లంకలో చివరి ఇల్లు ఆవిడది. ఒళ్లు కాలిపోతూ వాకిట్లో కూర్చుని చెయ్యి చాపింది. "నాది కూడా తీసుకో అమ్మా." చీకటి పడుతోందని పడవతను కేకేస్తున్నాడు. "రేపొస్తాను మామ్మగారూ" అని వచ్చేశాను. పొద్దున్న ఫోన్ వచ్చింది. రాత్రే పోయిందట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"సాఫ్ట్‌వేర్ తిక్క అయ్యుంటుంది, వదిలెయ్" అన్నారాయన. "ఆ గుంటలో ఏమీ పొయ్యకు."

పొయ్యలేదు. నమూనా కాదు కదా, రంగు తెప్పించే మందు చుక్క కూడా వెయ్యలేదు.

సాయంత్రం నాలుగింటికి వెచ్చబెట్టే పెట్టెలోంచి ప్లేటు బయటికి తీశాను. జబ్బు ఉన్నచోట పసుపు రంగు రావాలి. కొన్ని గుంటల్లో లేతగా వచ్చింది. గదిలో ఎక్కడో చుక్క పడుతున్న చప్పుడు... టప్. ఆగింది. మళ్లీ... టప్. కుళ్లిన నాచు వాసన గుప్పుమంది.

చివరి గుంట నిండుతోంది.

నా కళ్లముందే. అంచుదాకా. చిక్కటి పసుపు.

"ఇందులో ఏం పోశావు తేజశ్రీ?" రూబెన్ గారు ప్లేటు మీదకి వంగారు.

"ఏమీ లేదండీ..." ఇంక దాచలేకపోయాను. "ఆవిణ్ణి నేనే వదిలేసి వచ్చానండీ. చెయ్యి చాపింది... అయినా వచ్చేశాను."

ఆయన ప్లేటుకి మూతపెట్టి, సంచిలో వేసి సీలు చేశారు. "రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్దాం. ఆవిడ ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేద్దాం. ముందు వెళ్లి చేతులు కడుక్కో."

సింకు దగ్గర కోటు విప్పాను. రూబెన్ గారు నా ఎడమ చేతికేసి చూసి, ఒక అడుగు వెనక్కి వేశారు.

"నీకు రక్తం ఎవరు తీశారమ్మా?"

నేనెవరికీ చెయ్యి చాపలేదు. మోచేతి మడతలో మాత్రం ప్లాస్టర్ వేసిన దూది ఉంది. ఇంకా తడిగా ఉంది.