డిటెక్టర్ అరవని చోటు

"విమానం లేచిపోయింది. రేడియో కట్టేశారు. ఇక వెనక్కి పిలవలేం," అంది మిసెస్ మేస్.

సీక్రెట్ సర్వీస్‌లో ఆవిడ మాటకు తిరుగులేదు. ఏజెంట్ ఆంబ్రోస్ థర్కెటిల్ మాత్రం వినీ విననట్టు మెటల్ డిటెక్టర్ బిగించుకుంటున్నాడు. ఆ విమానం నడుపుతున్నది అతని కూతురు లెటీ. వెనక సీట్లో శత్రుదేశం నుంచి పారిపోయి వస్తున్న సైంటిస్టు. దిగాల్సింది ఇంగ్లండులోని ఈ నార్ఫోక్ పొలాల మధ్య, యుద్ధకాలం నాటి పాత రన్‌వే మీద. ఆ గడ్డి కింద ఎక్కడో బాంబు ఉంది.

"ట్రాక్టర్ తోలి పేల్చేస్తే?"

"ఆ గోతిలో పడి విమానం పల్టీ కొడుతుందయ్యా. చుట్టూ కాలవలు, చెట్లు. ఇంకోచోటికి పోవడానికి పెట్రోలు లేదు."

"పెట్టిందెవరు?"

మేస్ గడ్డంతో కారు వైపు చూపించింది.

వెనక సీట్లో చేతులకు బేడీలు, ఒంటి మీద నక్కతోలు కోటు. వెరీనా! రెండు దేశాల జీతమూ తిన్న డబుల్ ఏజెంట్. ఎవరికీ అనుమానం రాకుండా కిందటి చలికాలం ఊళ్లో డిటెక్టర్ క్లబ్బులో చేరింది. ఆదివారమొస్తే పాత నాణేల కోసం పొలాల వెంట యంత్రం పట్టుకు తిరిగే ఆంబ్రోస్ ఆమెకు దగ్గరుండి పని నేర్పాడు. ఎంత ముచ్చటపడి నేర్పాడో తలచుకుంటే ఇప్పుడు కడుపు మండిపోతోంది.

"గురువుగారూ, బ్యాటరీలు చంకలో పెట్టుకున్నారా?" అంది వెరీనా. "చలికి చచ్చిపోతాయని మీరేగా చెప్పారు."

"ఎక్కడ పెట్టావో చెప్పు."

"చెబితే మావాళ్లు నన్ను బతకనిస్తారా? పాత పరిచయం కొద్దీ ఒక్క మాట. అనవసరంగా అలిసిపోకండి. అందులో గుండుసూదంత లోహం కూడా లేదు. అంతా ప్లాస్టిక్కే. మీ యంత్రం నోరెత్తదు."

ఆంబ్రోస్ మేస్ వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది. "నిజమే. ఆ ముఠా చేసేవన్నీ అలాంటివే. ఈవిడ జేబులు వెతికితే తుపాకీ కూడా లేదు. ఇదిగో, ఈ చెత్త!" అని గుప్పెడు తుప్పు మేకులు, వంకరపోయిన బోల్టు బానెట్ మీద పడేసింది.

అతను వాటిని పట్టించుకోలేదు. టీ ఫ్లాస్కు భుజాన తగిలించుకుని రన్‌వే మీదికి నడిచాడు. మరేం చేస్తాడు? చేతులు కట్టుకుని కూతురి చావు చూడలేడు కదా!

ఇనుప ముక్క లేని రబ్బరు బూట్లు. ఇయర్‌ఫోన్ల మీద ఉన్ని టోపీ. డిటెక్టర్ పళ్లేన్ని మంచుకు ఆనించి, ఇస్త్రీ చేస్తున్నట్టు నిదానంగా జరుపుతున్నాడు. మామూలప్పుడైతే ఇనుము వినిపించకుండా మీట తిప్పేవాడు. ఇవాళ అన్నీ విననిచ్చాడు. అదే నరకమైపోయింది. యుద్ధం వదిలిపోయిన మేకులు, తూటా తొడుగులు, రేకు ముక్కలు ఆ నేల నిండా ఉన్నాయి. ప్రతి అడుగుకూ చెవిలో అరుపే. లోహంలేని బాంబును ఈ గోలలో వెతకడమా? తనకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

బ్యాటరీ చచ్చిపోయింది. చంకలోంచి వెచ్చటిది తీసి మార్చాడు. అదే ఆఖరిది. వేళ్లకు స్పర్శ లేదు. సగం రన్‌వే కూడా కాలేదు. పొద్దు వాలుతోంది.

తూర్పున ఇంజిన్ చప్పుడు.

"లెటీ, దిగకే తల్లీ," అని గొణిగాడు. వినేవాళ్లెవరు?

సరిగ్గా అప్పుడే అరుపులు ఆగిపోయాయి. 'అయిపోయింది, ఇదీ పోయింది' అనుకుని యంత్రాన్ని కుదిపాడు. అడుగు పక్కకు జరిగితే కీచుమంది. వెనక్కి వస్తే మౌనం. మళ్లీ జరిగాడు, కీచు. మళ్లీ వచ్చాడు, మౌనం. పీటంత చోటు, అంతే.

బానెట్ మీద తుప్పు మేకులు కళ్ల ముందు మెదిలాయి.

క్లబ్బులో చేరిన వాళ్లకు అతను చెప్పే మొదటి పాఠం ఒకటుంది. తవ్వితీసిన తుక్కును మళ్లీ గుంతలో పడేయకూడదు, జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోవాలి. ఆ అలవాటు వెరీనా చేతికి పట్టేసింది. బాంబు పెట్టి, ఈ గుంతలోని మేకులన్నీ ఏరుకుని పోయింది మహాతల్లి!

జేబులోంచి చిన్న తాపీ తీసి దిగేస్తే ఖణేలుమంది. నేల రాయిలా గడ్డకట్టింది. విమానం చెట్ల మీదికి వచ్చేసింది. ఫ్లాస్కు మూత పీకి, పొగలు కక్కే టీ మొత్తం గుమ్మరించాడు. గడ్డి పెళ్ల కదిలింది. గోళ్లతో పెకలించాడు. కింద పచ్చటి ప్లాస్టిక్ డబ్బా. మూత తిప్పి ఫ్యూజు లాగేసి, డబ్బాను కావలించుకుని పక్కకు దొర్లాడు. చక్రాలు అతని టోపీని తొక్కుకుంటూ పోయాయి.

మేస్ కారు దిగి పరిగెత్తుకొచ్చింది. కారు అద్దంలోంచి వెరీనా అంతా చూసింది. "తప్పంతా మీదే గురువుగారూ," అని అరిచింది. "అంత బాగా నేర్పకుండా ఉండాల్సింది."

లెటీ విమానం దిగి, మేస్ నోట బాంబు మాట విని వచ్చేసరికి ఆంబ్రోస్ మోకాళ్ల మీద కూర్చుని గుంత పూడుస్తున్నాడు. పెళ్ల తిరిగి సర్ది, అరచేతులతో అదుముతున్నాడు.

"బాంబేంటి నాన్నా? ఏడుస్తున్నావా?"

"చలికమ్మా, చలికి."

"నాకూ చంపేస్తోంది. ఫ్లాస్కులో టీ ఉందా?"

"లేదే తల్లీ, రన్‌వే తాగేసింది."