సీలు కలిస్తేనే సంతకం

వానకు తడిసిన గొడుగుతో పాటు ఎబినేజర్‌ను కూడా చర్చి ఆఫీసు గుమ్మంలోనే నిలబెట్టింది దోర్కా.

"ఏటి దాదా, ఎవరు కావాలి?"

ఖరగ్‌పూర్‌లో ప్రతి మగవాడూ దాదాయే, అంటే అన్నే. అయినా ఆ పిలుపుకు అతని మనసు చిన్నబోయింది. నెల్లాళ్లుగా ఆదివారం ఆదివారం ఆమె పాట కోసమే చర్చిలో ముందు వరుసలో కూర్చుంటున్నాడు మరి. కంప్యూటర్లతో మాట్లాడడం అతనికి వచ్చు, మనుషులతోనే రాదు.

"నా పేరు ఎబినేజర్ అండి. పాటలు కాపీ చెయ్యడానికి మీ తాతగారు రమ్మన్నారండి."

లోపల, ఆ ట్రాఫిక్ కాలనీ చర్చి ఆఫీసులో, పాత కంప్యూటర్ గరగరమంటోంది. దోర్కా నాయనమ్మ ఎలీసమ్మ పాడిన అరవై పాటలు అందులో ఉన్నాయి. ఆమె లేదు, వేరే కాపీ లేదు. డిస్కు ఏ క్షణాన ఆగిపోతుందో తెలియదు. కిటికీ దగ్గర తాతయ్య కృపారావు కళ్లు మూసుకుని ఆ గరగరనే వింటున్నాడు.

ఎబినేజర్ నల్లని తెర మీద ఒక్క వరుస కమాండ్ కొట్టాడు.

"ఇంతేనా? ఫోల్డరంతా చర్చి హాల్లోని కొత్త మెషీన్‌కి పోతదా?" అంది దోర్కా.

పోలేదు. తెర ఎదురు ప్రశ్న వేసింది: అవతలి యంత్రాన్ని నేనెరగను, దాని వేలిముద్ర ఈ అక్షరాల వరుస, నమ్మమంటారా?

"యస్ అని పూర్తిగా కొట్టాలండి. వై ఒక్కటే కొడితే చెల్లదు. అందరూ చూడకుండానే కొట్టేస్తారు."

"నాను పార్సిల్ ఆఫీసులో పనిచేస్తన్నాను దాదా. సీలు కలవందే సంతకం పెట్టను. ఈ ముద్ర దానిదేనని ఏటి గ్యారంటీ?"

ఇన్నేళ్లలో అతన్ని ఎవరూ అడగని ప్రశ్న! వానలో హాలుకు పరుగెత్తి, కొత్త మెషీన్ ముద్రను మణికట్టు నుంచి మోచేతి దాకా రాసుకుని వచ్చాడు.

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఒక్కో అక్షరమే సరిచూసింది. నాలుగో అక్షరం దగ్గర వేలు ఆగింది.

"కలవలేదు."

తెర వంక చూసి ఎబినేజర్ తెల్లబోయాడు. పన్నెండో నంబరు మెషీన్‌కు బదులు ఇరవై ఒకటి కొట్టాడు. అది సండేస్కూలు పిల్లలది. అన్నిటికీ పాస్‌వర్డు ఒకటే, కాబట్టి అదీ అడ్డుకునేది కాదు. శనివారం శనివారం దాన్ని శుభ్రంగా తుడిచేస్తారు. ఈవేళ శుక్రవారం; పాటలు అక్కడికి పోతే రేపటికి ఉండవు.

"తప్పు నాదేనండి."

"కొట్టినపుడు ఎటు సూసినారు?"

ఎర్రబడిన అతని చెవులే చెప్పేశాయి.

నంబరు దిద్దాక ముద్ర చివరి అక్షరం దాకా కలిసింది. దోర్కా యస్ కొట్టింది. అరవై పాటలూ ఒకదాని వెంట ఒకటి హాలు చేరాయి.

"మళ్లీ అడగదా?"

"అడగదండి. ఒకసారి నమ్మితే గుర్తుంచుకుంటుంది." అతను ఆమె వైపు తిరిగాడు. "దోర్కా గారూ, ఆదివారం ఆరాధన అయ్యాక... నాతో గోల్‌బజార్ దాకా వస్తారా?"

"ఊఁ."

"అలా అంటే చెల్లదండి." ఆ ధైర్యం ఎక్కడిదో అతనికే తెలియదు.

"మరి సీలో? ముందు మా తాత సూడాల."

కిటికీ దగ్గర కృపారావు కళ్లు తెరిచాడు. "ఎప్పట్నుంచో సూస్తన్నానే. వానలో పరుగెట్టినాడు, తప్పు ఒప్పుకున్నాడు. సీలు కలిసింది. పూర్తిగా కొట్టీ!"

ఆమె నవ్వును ఆపుకోలేకపోయింది.

"యస్, ఎబినేజర్."

దాదా అనలేదు.