నల్ల టేపు గది

స్వప్న పరిగెడుతోంది.

తల మీద లైటు వెలిగింది. ఇంకో నాలుగడుగులు... ఇంకో లైటు!

ఈ సెన్సర్లు బిగించింది తనే. మనిషి వస్తే లైటు వెలగాలి, పోతే ఆరాలి. ఏ గదిలో ఎంతమంది ఉన్నారో ఫోన్‌లో కనిపించాలి. ఇప్పుడు మేనేజర్ సుదర్శన్ ఆ ఫోన్ చూసుకుంటూ వెనకాలే వస్తున్నాడు. రెండో చేతిలో ఇనుప రాడ్. కింద షట్టర్‌కి తాళం వేసేశాడు.

చిరాగ్‌పల్లి దగ్గర, హైవే పక్కన ఫ్యాక్టరీ ఆఫీసు. అరిచినా లారీల మోతలో ఎవరికీ వినపడదు.

"ఆ కాయితం ఇచ్చెయ్ స్వప్నా. ఇంటికి పోదువు."

ఇస్తే అసలు పంపడు. ఆమెకు తెలుసు.

నెల కిందట తోటి ఉద్యోగి రాకేశ్ ఇక్కడే మెట్ల మీంచి పడి చచ్చిపోయాడు. ఆ టైమ్‌లో బిల్డింగ్‌లో ఇంకెవరూ లేరని సుదర్శన్ పోలీసులకు చెప్పాడు. సెన్సర్లు వేరేలా రాసుకున్నాయి. మెట్ల దగ్గర ఇద్దరు... కాసేపటికి మేనేజర్ క్యాబిన్‌లో ఒకరు.

సర్వర్‌లో అదంతా చెరిపేశాడు. మిగిలింది స్వప్న గుప్పిట్లోని ఈ ఒక్క ప్రింటే.

రికార్డు రూమ్! లోపలికి దూరి ఇనుప తలుపు మూసింది.

లైటు వెలగలేదు.

వాచ్‌మన్ జబ్బార్ చలవ. "లైట్ మొఖం మీద పడితే నిద్ర పట్టది బేటా, జర కన్ను మూస్త" అంటూ ఇక్కడి సెన్సర్‌కి నల్ల టేపు అంటించాడు. ఎన్నిసార్లు తిట్టిందో. ఇప్పుడాయన కాళ్లు మొక్కాలనిపిస్తోంది.

ఫోన్ చేస్తే మాట బయటికి వినిపిస్తుంది. తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడింది.

అడుగులు. దగ్గరగా...

ఆగాయి.

"కారిడార్ల లైట్లు ఈడిదాంక వెలిగినయ్." సుదర్శన్ నవ్వుతున్నాడు. "ఆడికెళ్లి ఏ రూమ్ల వెలగలే. మరి నువ్వేడికి పోయినవ్?"

దాచిన చీకటే పట్టించింది.

తలుపు తెరుచుకుంది. సుదర్శన్ రెండడుగులు లోపలికి వేశాడు. ఆగి, తలెత్తాడు. ఏడాదిగా ఈ ఆఫీసులో స్విచ్ తడిమిన వాళ్లు లేరు. లైటు దానంతటదే వెలగాలి.

అతను లైటు కోసం చూస్తున్నాడు!

స్వప్న చాటు నుంచి జారింది. బయటికి దూకి, తలుపు లాగి, గడియ పెట్టింది.

ధన్! ధన్!

పోలీసులకు ఫోన్ చేసింది. జీపు బయల్దేరిందన్నారు.

"తలుపు తియ్! నేనున్న లోపల!"

స్వప్న ఫోన్‌లో రికార్డు రూమ్ చూసింది. సున్నా.

"లోపల ఎవ్వరు లేరని చూపెడుతుంది సార్."