అమ్మకు బదులు

శనివారం పొద్దున ఆమని మెట్లు దిగి వచ్చేసరికి వంటింట్లో తన కుర్చీలో శ్రీలేఖ కూర్చుని ఉంది. ముందు పెసరట్టు, పక్కన అల్లం చట్నీ. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి రెండోది తిరగేస్తూ, "శ్రీ, వేడిగా ఉండగానే తిను" అంటోంది.

ఆమని అలమార తలుపు తీసి సీరియల్ డబ్బా అందుకుంది. పెసరట్టంటే ప్రాణం పెట్టే పిల్ల, ఆ పూట తినదలచుకోలేదు. తలుపు మాత్రం గట్టిగా వేసింది.

శ్రీలేఖ ఆ ఇంట్లో మూలగదిలో ఉంటోంది. ఐర్లండులోని ఈ లిమరిక్ ఊళ్ళో అద్దెకు గది దొరక్క ఏడుస్తుంటే, తన ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల కదా అని ఆమని అమ్మ విమల తెచ్చి పెట్టుకుంది. వారమే అంది. చలికాలం వెళ్ళిపోయింది, శ్రీలేఖ వెళ్ళలేదు. ఆమె విమలను అక్కా అంటుంది కాబట్టి ఆమని పిన్నీ అనాలి. అనదు. స్నేహితులతో చెప్పేటప్పుడు 'మా లాడ్జర్' అంటుంది, ఎవరో అద్దెకున్న మనిషన్నట్టు.

విమల చేసే పని మంచిది. అలాంటి పని ఒకటి అవసరం కావడమే సిగ్గుచేటు. బిడ్డను కని, విడిపోయాక, కోర్టు చెప్పినా ఖర్చులివ్వకుండా తిరిగే తండ్రులుంటారు. వాళ్ళకు ఫోన్ చేసి, అడిగి, వినకపోతే మళ్ళీ కోర్టుకు లాగే చిన్న సంస్థ అది. అక్కడ టీమును నడిపేది విమల. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ తనే పని నేర్పుతుంది. ముందు బిడ్డ పేరు పలకాలి. డబ్బు మాట తర్వాత. అరవకూడదు. అవతలివాడు నోరు మూసుకుంటే మనమూ మూసుకోవాలి, ఆ నిశ్శబ్దాన్ని వాడే భరించలేక మాట్లాడతాడు. ఇవన్నీ ఉత్తుత్తి కాల్స్‌తో నేర్పుతుంది. ఒకరు ఎగవేసే తండ్రి, ఒకరు అడిగే మనిషి. ఆఫీసులో నేర్పింది చాలక ఇంటికీ తెచ్చింది. వంటింట్లో గరిటె ఫోను.

ఆ గరిటె చూస్తేనే ఆమనికి కడుపు మండుతుంది. తన స్పెల్లింగులు ఒక్కసారి కూడా అడగని అమ్మ, ఆ పిల్ల తప్పు మాట్లాడితే పదిసార్లు చెప్పిస్తుంది. పదకొండోసారి బాగా చెబితే తల నిమురుతుంది.

"అమ్మా, మ్యాచ్ పన్నెండింటికి" అంది ఆమని. కర్రలతో ఆడే కమోగీ ఆట అది, స్కూలు జట్టులో ఉంది. కిందటి శనివారం వస్తానని చెప్పి, ఆఖరి నిమిషంలో పని పడిందని శ్రీలేఖను పంపింది విమల. ఈసారి ఒట్టేసింది.

విమల పెనం మీంచి కళ్ళెత్తకుండా సంగతి చెప్పింది. సోమవారం శ్రీలేఖ మొదటిసారి ఒంటరిగా కాల్ చేయాలి. అవతలివాడు మహా మొండి. ఈ పూట ప్రాక్టీసు లేకపోతే తడబడుతుంది, తడబడితే అక్కడ ఒక బిడ్డ నష్టపోతుంది. నాన్న లేచాక దింపుతారు. నాన్న కృష్ణమూర్తి పక్క ఊరు షానన్‌లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పైన గుర్రు పెడుతున్నాడు.

"గ్రాండ్" అంది ఆమని. ఐర్లండులో ఆ మాటకు బాగుందని అర్థం. ఆమె గొంతులో ఆ అర్థం లేదు.

ప్రాక్టీసు మొదలైంది. విమల మొండి తండ్రి. శ్రీలేఖ గరిటె చెవికి పెట్టుకుని రెండు మాటలకే బిడ్డ పేరు మరిచి డబ్బులోకి దిగింది. విమల ఆపి, "మళ్ళీ" అంది.

ఆమని గిన్నె సింకులో పడేసి వచ్చి శ్రీలేఖ చేతిలోంచి గరిటె లాక్కుంది. "నేను చేస్తా."

ఇంట్లో తెలుగు విని ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల. ఆ పూట తెలుగే ఎంచుకుంది, అమ్మకు సూటిగా తగలాలని.

"హలో. ఆమని గురించి మాట్లాడాలి."

విమల నవ్వింది. ఆటే అనుకుంది. "చెప్పండి, నేను బిజీగా ఉన్నాను."

"ఆమనితో కూర్చుని ఎప్పుడు తిన్నారు?"

"రోజూ వండి పెడుతున్నాను కదండీ. ఏం తక్కువైంది దానికి?"

"కిందటి శనివారం ఆమని దగ్గరికి ఎందుకు రాలేదు?"

"నా బదులు మనిషిని పంపాను" అంది విమల. అని ఆగిపోయింది. ఎగవేసే తండ్రులు రోజూ చెప్పే మాట అది. మా తమ్ముణ్ణి పంపాను, మా అమ్మను పంపాను. దానికేం చెప్పాలో టీముకు తనే నేర్పింది.

ఆమనికీ అది వచ్చు. వంటింట్లో వినీ వినీ వచ్చింది. "పంపిన మనిషి లెక్కలోకి రాదండీ."

తర్వాత నోరు మూసుకుంది. విమలా మూసుకుంది. పొయ్యి మీద అట్టు మాడుతోంది.

ఆ నిశ్శబ్దం శ్రీలేఖ భరించలేకపోయింది. లేచి పొయ్యి కట్టేసింది. "అక్కా, ఒక మాట చెప్పకుండా దాచాను. ఆ రోజు నేను గోల్ వెనక నిలబడ్డాను. ఇది బంతి వైపు చూడదే, గేటు వైపే చూస్తోంది. నువ్వొస్తావేమోనని. అలా చూస్తుండగానే ఒక గోల్ వదిలేసింది. జట్టంతా దీన్ని తిట్టారు."

ఆమని తలెత్తింది. ఆ సంగతి లాడ్జర్ చూసిందని తెలియదు. చూసి కూడా ఎవరికీ చెప్పలేదని అసలే తెలియదు.

"నువ్వు గోల్‌కీపర్‌వా?" అంది విమల మెల్లగా.

"రెండేళ్ళ నుంచీ."

విమల కుర్చీలో కూలబడింది. ఊళ్ళో పిల్లలందరి పేర్లూ గుర్తుపెట్టుకుంటుంది, వాళ్ళ పుట్టినరోజులతో సహా. కన్నబిడ్డ ఎక్కడ నిలబడి ఆడుతుందో తెలియదు. కొంగు లేదు, ఏప్రాన్‌తోనే కళ్ళు తుడుచుకుంది. "శ్రీ, సోమవారం..."

"నాకు పాఠం అయిపోయిందక్కా. ఇంతకంటే ఏం నేర్పుతావు?" శ్రీలేఖ కారు తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

మైదానంలో సన్నటి వాన. ఆమని అలవాటుగా ఒకసారి గేటు వైపు చూసింది. అమ్మ తనతోనే వచ్చిందని గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. అమ్మ గోల్ వెనక, బురదలో, ఆఫీసు బూట్లతో. ఎవరు ఎవరివైపో తెలియక అవతలి జట్టుకు చప్పట్లు కొడుతోంది.

"అమ్మా, వాళ్ళు మనవాళ్ళు కాదు."

"మరి ముందే చెప్పవే" అంది విమల ముక్కు ఎగబీలుస్తూ.

ఆమనికి నవ్వొచ్చింది. బంతి వస్తోంది. ఈసారి బంతినే చూసింది. ఆపి, దూరంగా కొట్టి, వెనక్కి తిరగకుండానే అడిగింది. "వచ్చేవారం పిన్ని కూడా వస్తుందా?"