షెడ్డు ఇల్లు కాదు

ఆ రోజు పొద్దున పెద్దమ్మాయి ఆఫీసుకని బయలుదేరి, సగం దారిలో స్కూటరు పుట్టింటి వైపు తిప్పింది. ఎగువన ఎడతెరిపి లేకుండా వాన పడుతోందనీ, ఆనకట్ట గేట్లు ఎత్తుతున్నారనీ అప్పుడే ఫోను వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఏరు గట్టు దాటొచ్చు. నాన్న కారు పెరటి షెడ్డులో ఉంటుంది. ఫోన్లో చెబితే ఆయన "చూద్దాంలే" అంటాడు. ఆ "చూద్దాంలే" అర్థం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే తనే వచ్చింది.

ఆమె ఉద్యోగమూ వరదలకు సంబంధించిందే. వరద వచ్చే మేర ఎవరు ఏం కట్టుకున్నా ముందు ఆమె చూసి సరే అనాలి. ఇళ్లయితే ఎత్తు పునాది మీదే కట్టాలి. కారు షెడ్లు, సామాన్ల కొట్లు నేలమట్టాన కట్టుకోవచ్చు గానీ వాటిలో మనుషులు ఉండకూడదు. స్విచ్చులు నీళ్లకు అందనంత ఎత్తులో పెట్టాలి. గోడల అడుగున కంతలు వదలాలి. వరద నీరు ఆ కంతల్లోంచి లోపలికి వచ్చి, దానంతట అదే బయటికి పోతుంది. కంతలు లేకపోతే బయట నిలిచిన నీరు గోడను నెట్టి నెట్టి ఒక్కసారిగా కూల్చేస్తుంది. నాన్న షెడ్డుకు ఆ కంతలు పెట్టించింది తనే. "కన్నకూతురే వచ్చి నా గోడకు చిల్లులు పొడిపించింది" అని బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన ఆ పెద్దమనిషి వీధి వీధంతా చెప్పుకున్నాడు.

గేటు దగ్గరికి వచ్చేసరికి కారు మిట్టన ఉన్న వీధిలోనే కనబడింది. "అమ్మయ్య, చెప్పకుండానే తీశాడు" అనుకుంది. కానీ కారు మీద ఆకులు దళసరిగా పేరుకుని ఉన్నాయి. ఇవాళో నిన్ననో బయట పెట్టిన బండి కాదు. ఆమె నేరుగా పెరట్లోకి నడిచి, దగ్గరగా వేసిన షెడ్డు తలుపు తోసింది.

లోపల గోడవారగా మడతమంచం. దాని మీద రెండేళ్ల పాప నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పానాలూ సుత్తులూ వేలాడాల్సిన మేకులకు చిట్టి చిట్టి గౌన్లు ఆరేసి ఉన్నాయి. నేల మీద కరెంటు పొయ్యి, దాని తీగ నేల మీదే. ఆ పక్కన తడిజుట్టు తుడుచుకుంటూ చెల్లెలు!

పెద్దమ్మాయి తలుపు పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"అరవకక్కా. పాప ఇప్పుడే పడుకుంది" అంది చెల్లెలు, ఏదో నిన్న సాయంత్రం కలిసినట్టు.

మూడేళ్లయింది దాన్ని చూసి. ఒక్కచోట నిలవదని ఇంట్లో అందరూ 'పిచ్చుక' అని పిలిచేవాళ్లు. సైన్‌బోర్డులు రాసే అతన్ని చేసుకుంటానని పట్టుబట్టి వెళ్లిపోయింది. ఆ రోజు నాన్న గుమ్మంలో నిలబడి, "నువ్వు మళ్లీ ఈ గడప తొక్కిన రోజు నేను ఈ గడప దిగి పోతాను" అన్నాడు. ఆయన మాటంటే మాటే. ఆ తర్వాత ఇంట్లో దాని పేరెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఎప్పుడొచ్చావే? అతనేడీ?"

"వేరే ఊళ్లో పనుందని వెళ్లాడు. మొదట్లో ఫోను ఎత్తేవాడు. తర్వాత అదీ మానేశాడు. ఎక్కడికి పోను? నెల దాటింది వచ్చి."

అప్పుడే అమ్మ పాలగిన్నెతో లోపలికి వచ్చింది. పెద్దకూతుర్ని చూసి కొయ్యబారిపోయింది.

"నువ్వా! ఇవాళ పని లేదా నీకు?"

"ఇది కూడా నా పనేనమ్మా. నాన్నకు తెలుసా?"

"మెల్లిగా, మెల్లిగా! తెలిస్తే ఇంకేమన్నా ఉందా? ఇంజనులో ఎలుకలు దూరుతున్నాయని చెప్పి కారు ఆయన చేతే బయట పెట్టించాను. నమ్మేశాడు."

"నాతోనైనా ఒక్క మాట అనలేకపోయావా?"

"నీతో చెబితే ఏమంటావు? 'షెడ్డు ఇల్లు కాదమ్మా' అంటావు. ఆ పాఠం నాకు కంఠతా వచ్చు తల్లీ. పిల్లని ఎక్కడ పడుకోబెట్టను? నా నెత్తి మీదా?"

పెద్దమ్మాయి చూపు మంచం కిందికి పోయింది. చటుక్కున వంగి చూసింది. కంత ఉండాల్సిన చోట ఇటుకలు. వాటి మీద కొత్త సిమెంటు. అవతలి గోడ దగ్గరికి పరిగెత్తింది. అక్కడా అంతే.

"ఇవి ఎవరు మూశారు?"

అమ్మ చిన్నకూతురి వంక చూసింది. చిన్నకూతురు అమ్మ వంక చూసింది.

"నువ్వు కాదూ, మేస్త్రీని పిలిపించింది?" అంది చెల్లెలు.

"నేనెక్కడ పిలిపించానే? నువ్వే ఏదో అడ్డం పెట్టుకున్నావనుకున్నాను."

"ఇది సిమెంటమ్మా! నాకెక్కడిది సిమెంటు?"

"నేనే మూశాను."

ముగ్గురూ ఉలిక్కిపడి తిరిగారు. తలుపు దగ్గర నాన్న. అమ్మ చేతిలోని గిన్నె జారి పాలు నేలపాలయ్యాయి.

"మొన్న మీరు పాపను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు కదా, అప్పుడు మూశాను" అన్నాడాయన, ఎవరి మొహమూ చూడకుండా. "దగ్గుతోంది పసిది. ఆ చిల్లుల్లోంచి చలిగాలి తిన్నగా మంచం మీదికే కొడుతోంది."

"అయితే మీకు... మీకు తెలుసా?" అంది అమ్మ.

"బస్సుల మధ్య బతికినవాణ్ణి. ఎలుకలని చెబితే నమ్మి కారు వీధిలో పెడతానా?"

"తెలిసీ నాతో ఒక్క మాటైనా అనలేదే! ఇన్నాళ్లూ పక్కింటి గోడకు కూడా భయపడుతూ, దొంగలా పాలు మోశాను!"

"నువ్వు నాతో అన్నావా?"

"మీతో ఏమని అనను? కడుపున పుట్టినదాన్ని బండి పెట్టే చోట ఉండనిచ్చారే! ఒక్కసారి ఇంట్లోకి రమ్మంటే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"ఇంటి గడప తొక్కితే పోతానన్నాను. షెడ్డు ఇల్లు కాదుగా" అన్నాడాయన మొండిగా. "పెద్దదే కదా చెప్పింది."

ఆ మాట పెద్దమ్మాయికి చెంపదెబ్బలా తగిలింది. ప్రాణాలు కాపాడాలని తను ఊరూరా చెప్పే మాటను ఈయన తన పంతానికి తలుపు సందుగా వాడుకున్నాడు.

"నాన్నా, మధ్యాహ్నానికి ఏరు ఇక్కడికి వస్తుంది" అంది. "బయట నీళ్లు, లోపల ఖాళీ. నువ్వు మూసిన గోడ నిలబడదు. ఎటు పడుతుందో తెలుసా? లోపలికి. ఆ మంచం మీదికి."

నాన్న మంచం వంక చూశాడు. పాప నిద్రలోనే దగ్గి, అటు తిరిగి పడుకుంది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. తర్వాత మూలనున్న సుత్తి తీసుకుని మోకాళ్ల మీద కూలబడి, తను పేర్చిన ఇటుకల్ని పిచ్చిపట్టినట్టు బాదడం మొదలుపెట్టాడు.

కంతలన్నీ తెరుచుకునేసరికి వాన అందుకుంది. పెద్దమ్మాయి కరెంటు ఆపేసింది. అమ్మ బట్టలు మూటగట్టింది. చెల్లెలు పాపను భుజాన వేసుకుని ఇంటి మెట్ల దాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"ఎక్కవే!" అంది అమ్మ.

"నేనెక్కితే నాన్న దిగిపోతాడమ్మా. ఈ వానలో ఆయనెక్కడికి పోతాడు?"

నాన్న అప్పటికే పైన గుమ్మంలో ఉన్నాడు. కూతురు తడుస్తోంది. కొంగు కింద పాప తడుస్తోంది. ఆయన గడప దాటాడు. ఒక్కో మెట్టూ దిగి వానలోకి వచ్చి కూతురి ఎదుట నిలబడ్డాడు.

"దిగుతానన్నాను, దిగాను. మాట తీరిపోయింది" అన్నాడు. "ఇటివ్వు పిల్లను. పద, ఎక్కుదాం."

పిచ్చుక అప్పటిదాకా ఏడవలేదు. అప్పుడు ఏడ్చింది.

చెప్పినట్టే మధ్యాహ్నం నీళ్లు వచ్చాయి. ఎత్తు పునాది మీది వరండాలోంచి అందరూ చూస్తున్నారు. బురదనీరు పెరడంతా కమ్ముకుని, కంతల్లోంచి షెడ్డులోకి బుడబుడమంటూ దూరింది. కాసేపటికి తీయడం మరిచిన మడతమంచం తేలుతూ తలుపు దాకా వచ్చి, పక్కకు ఒరిగి మునిగిపోయింది. గోడలు మాత్రం నిలబడే ఉన్నాయి.

"పాప దాని మీదే..." అని అమ్మ ఆగిపోయింది.

నాన్న ఉన్నచోటనే చతికిలబడ్డాడు. "చలి తగులుతుందని మూశానే" అన్నాడు పెద్దమ్మాయితో. "చలి తగులుతుందనే మూశాను." అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు.

చిన్నమ్మాయి లేచి వెళ్లి, లోపలి నుంచి పొడి తువ్వాలు తెచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"తల వంచు నాన్నా" అంది. "తడి ఆరనేలేదు నీకింకా."

ఆయన చిన్నపిల్లాడిలా తల వంచాడు.