నాలుగో గది మగ ఎలుకలు

సోమవారం ఉదయం ఏడు గంటల యాభై రెండు నిమిషాలు. బయట మూడు డిగ్రీల చలి, సన్నని వాన. ప్రేమకథకు పనికివచ్చే వానే. అయితే స్టుట్‌గార్ట్ శివార్లలోని ఆ పరిశోధనా సంస్థలో ఎలుకల గదులకు కిటికీలు లేవు కనుక దాన్ని ఎవరూ చూడలేదు.

ఫెలిషా చూస్తున్నది కంప్యూటర్ తెర మీది అంకెలను. నరసాపురం నుంచి వచ్చినప్పటినుంచి, మూడేళ్లుగా ఆమె నిరూపించదలచినది ఒక్కటే: ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే మూలకణాలు మగ ఎలుకల్లో కంటే ఆడ ఎలుకల్లో చురుగ్గా విభజన చెందుతాయి, అందుకు కారణం ఈస్ట్రోజెన్ హార్మోన్. ఇంతకాలం స్వల్పంగా కనిపించిన తేడా ఈసారి ఒక్కసారిగా రెట్టింపయింది. ఎందుకో తెలిసి ఉంటే సంతోషించవలసిన ఫలితమే.

కారణం చెప్పలేని అంకె ప్రొఫెసర్ సిల్వీ దృష్టిలో పొరపాటుతో సమానం. గురువారంలోగా సంగతి తేలకపోతే ఆడ ఎలుకలను పక్కన పెట్టి, పనిని కమలాకర్‌కు అప్పగిస్తానన్నది. మార్చితో ముగిసే ఫెలిషా కాంట్రాక్టు గురించి విడిగా చెప్పవలసిన అవసరం రాలేదు.

కమలాకర్ కరీంనగర్ వాడు. అదే ప్రయోగశాలలో, నాలుగో గదిలోని మగ ఎలుకల మీద మాత్రమే పనిచేసేవాడు. ఆడ ఎలుకల హార్మోన్లు నాలుగైదు రోజులకోసారి మారుతాయి కనుక వాటి అంకెలకు నిలకడ ఉండదని పరిచయమైన రోజే క్యాంటీన్‌లో వాదించాడు.

"మీ మగ ఎలుకలు పొద్దస్తమానం కొట్టుకుంటాయి కదండీ. గెలిచినదాని టెస్టోస్టెరాన్ ఒకలా, ఓడినదానిది ఇంకోలా. దాన్నేనా నిలకడ అంటున్నారు?" అని అడిగింది ఫెలిషా.

ఆనాటి నుంచి అతడు ఆమెతో వాదించడానికి రోజుకో సాకు వెతుక్కున్నాడు. ఆమె దాన్ని అహంకారమనుకున్నది. సాక్ష్యాలను పరిశీలించడం ఆమె వృత్తి, అయినా పొరబడింది.

రెండు రోజులు ఆమె మేత మార్పు నుంచి దీపాల వేళల దాకా ఒక్కొక్కటే పరీక్షించింది. బుధవారం మధ్యాహ్నం రెండో గదిలో తల పైకెత్తితే, తన ఆడ ఎలుకలకు సరిగ్గా పై అరలో, నాలుగో గదిలో ఉండవలసిన పన్నెండు పెట్టెలు కనిపించాయి. వాటి మీద కమలాకర్ చేతిరాత. మగ ఎలుకల వాసన సోకితే మూడు రోజుల్లో ఆడ ఎలుకల రుతుచక్రాలన్నీ ఒకే వేళకు వస్తాయి. ఈస్ట్రోజెన్ అన్నింటిలో ఒకేసారి పెరిగింది. మూలకణాలు దాని మాట విన్నాయి.

అతణ్ణి నిలదీసింది.

"నేనే జరిపిన. రెండు వారాలాయె."

"నా పని పాడుచేద్దామనా?"

"కాదండీ," అన్నాడు.

చెప్పకుండా పెట్టెలు మార్చినవాడికి ఆరు నెలలు ఎలుకల గదుల్లోకి ప్రవేశం ఉండదు. అతని ప్రయోగం ఆగిపోతుంది. ఫిర్యాదు చేయాలా అని ఆమె ఆ రాత్రంతా తర్జనభర్జన పడింది. గురువారం సమావేశానికి వెళ్లేసరికి అతడే తప్పు ఒప్పుకుంటూ మూడు పేజీల ఫారం ఇచ్చి కూర్చున్నాడు. మార్పుకు కారణం తెలపాలన్న గడిని ప్రొఫెసర్ సిల్వీ నియమం ప్రకారం పైకి చదివింది.

"ఫెలిషా నాలుగో గదికి రాదు. రెండో గదికి రోజూ ఉదయం ఎనిమిదింటికి వస్తుంది."

ఇది శాస్త్రీయ కారణమేనా అని ఆవిడ అడిగింది. నిజమైన కారణమే రాయాలని ఫారంలో ఉందని కమలాకర్ జవాబిచ్చాడు. ఫెలిషా పది నిమిషాలపాటు ఒకే గ్రాఫును చూస్తూ కూర్చున్నది.

అంకెకు కారణం దొరికింది. ఈసారి మగ ఎలుకలను కావాలనే దగ్గర పెట్టి, సగం ఆడ ఎలుకల్లో ఈస్ట్రోజెన్‌ను మందుతో అడ్డుకుని ప్రయోగం మళ్లీ చేయాలని ప్రొఫెసర్ నిర్ణయించింది. ఫెలిషా కాంట్రాక్టును ఏడాది పొడిగించారు. కమలాకర్ గదుల తాళంకార్డు ఆ పూటే తీసుకున్నారు.

వరండాలో ఫెలిషా అతణ్ణి ఆపింది.

"పన్నెండు పెట్టెలు మోసే బదులు కాఫీకి పిలవచ్చు కదండీ."

"కాదంటరని భయపడ్డ."

"ఇప్పుడు పిలవండి."

పిలిచాడు. పోల్చి చూసుకోవడానికి మరో నమూనా లేకపోయినా ఆమె ఒప్పుకున్నది.

ఐదేళ్ల తరువాత ఫెలిషాకు వుర్ట్స్‌బర్గ్‌లో సొంత ప్రయోగశాల దొరికింది. వాళ్ల పెళ్లయి అప్పటికి మూడేళ్లు. కమలాకర్ స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం మానుకుని అక్కడికే మారాడు.